పేరులేని బటన్

మీ ముందున్న మానిటర్ స్విచ్ ఇప్పుడే ఆపేశాను. సాయంత్రం ఆరు దాటింది. సికింద్రాబాద్‌లో ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉన్నారు మీరు. కింద రోడ్డు మీద సిటీ బస్సుల హారన్లు, నెత్తిన ఫ్యాను చప్పుడు. మౌసు కోసం తడమకండి, దాన్ని ఎప్పుడో పక్కకు తీసేశాం. రెండు చూపుడువేళ్ళూ కీబోర్డు మీద ఆనించండి. ఎడమవేలి కింద ఎఫ్, కుడివేలి కింద జె. రెండింటి మీదా సన్నటి గీత ఉబ్బెత్తుగా తగులుతుంది. మిగతా కీలన్నీ ఆ రెండు గీతల నుంచి లెక్కపెట్టుకోవాలి. హెడ్‌ఫోన్ పెట్టుకోండి. కంట్రోల్, ఆల్ట్, ఎన్ మూడూ కలిపి నొక్కండి.

పైకెక్కే చిన్న స్వరం వినిపించింది కదా, ఎన్‌వీడీఏ మొదలైంది. తెర మీద ఉన్నదాన్ని మాటల్లో చెప్పే స్క్రీన్ రీడర్ అది. ఇక ఈ కంప్యూటర్లో ఏం జరిగినా మీకు తెలిసేది దాని నోటి నుంచే. అది చెప్పింది ఉన్నట్టు, చెప్పనిది లేనట్టు.

మీ పక్క కుర్చీలో ఉన్న కుర్రాడిది నల్లగొండ జిల్లా. పుట్టుకతోనే చూపు లేదు. డిగ్రీ చదివి, పోటీ పరీక్ష రాసి, ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్‌గా ఎంపికయ్యాడు. సోమవారం చేరాలి. అక్కడి సూపరింటెండెంట్ మంచి మనిషి. రోజూ వచ్చే పని ఎలా ఉంటుందో ముందే చూసుకోమని కొన్ని ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చారు. నాకూ చూపు లేదు. ఈ గదిలో కంప్యూటర్ నేర్పుతాను. అతను ఉద్యోగానికి తగినవాడేనని పరీక్ష పాసై నిరూపించుకున్నాడు. రేపు అతని చేతికొచ్చే సాఫ్ట్‌వేర్ అతనికి తగినట్టు ఉందా అన్నది ఈ సాయంత్రం మీరే వినబోతున్నారు.

కుర్రాడు ముందు గొంతు వేగం పెంచుతాడు. మీకు ఒక్క మాటా పట్టుబడదు. అతనికి మాత్రం ప్రతి మాటా విడిగా తెలుస్తుంది. ఈస్పీక్ అనే ఈ గొంతులో మనిషి తీపి లేదు, లోహం మోగినట్టుంటుంది. కానీ ఎంత వేగంగా తిప్పినా హల్లు చెదరదు, తెలుగు కూడా చదువుతుంది. మీ కోసం వేగం తగ్గించమంటాను.

"పెన్‌డ్రైవ్ పెట్టు తమ్మీ."

ఫైళ్ళు కంప్యూటర్లోకి కాపీ అవుతున్నాయి. బీప్, బీప్, బీప్ అంటూ శ్రుతి పైపైకి పోతోంది. సగం అయిందో, ముప్పావు అయిందో ఆ శ్రుతిని బట్టి తెలుస్తుంది. అయిపోయింది. డౌన్ ఆరో నొక్కుతుంటే ఫైళ్ళ పేర్లు ఒక్కొక్కటే వస్తున్నాయి.

మొదటిది వర్డ్‌లో ఉన్న ఉత్తరం. తెరిచాడు. ఇన్సర్ట్ పట్టుకుని టి నొక్కగానే ఫైలు పేరు చెప్పింది. ఇన్సర్ట్‌తో స్పేస్ నొక్కి, హెచ్ కొట్టాడు. "విషయం" అంది. మళ్ళీ హెచ్ కొడితే "సూచిక" అంది. ఇది టైపు చేసినవారెవరో గానీ, అక్షరాలు లావు చేసి ఊరుకోకుండా హెడింగ్ స్టైల్ వాడారు. అందుకే నాలుగు పేజీల ఉత్తరంలో కావలసిన చోటికి కుర్రాడు రెండు దూకుళ్ళలో చేరాడు. చివర జవాబు పేరా రాయమన్నాను. తెలుగు టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద వేళ్ళు పరుగెత్తుతున్నాయి. స్పేస్ కొట్టినప్పుడల్లా రాసిన మాటను గొంతు తిరిగి చెబుతోంది. ఒకచోట "దరఖస్తు" అని వినిపించింది. వెంటనే వెనక్కి వెళ్ళి దీర్ఘం ఇచ్చాడు. కంట్రోల్, బి నొక్కితే "బోల్డ్ ఆన్" అంది. ఇన్సర్ట్, ఎఫ్ నొక్కితే ఫాంటు పేరు, సైజు చెప్పింది. కంట్రోల్, పి నొక్కితే ప్రింటర్ పేరు, ఎన్ని కాపీలో వివరంగా చెప్పింది. మీరు చూపుతో చేసే పని ఇతను వినికిడితో చేశాడు. పట్టిన సమయంలో పెద్ద తేడా లేదు.

ఈ గొంతుకు ఇదంతా ఎలా తెలుస్తోంది? అది తెరను చూడడం లేదు. వర్డ్ తన లోపలి సంగతులను ఒక పద్ధతి ప్రకారం విండోస్‌కు అప్పజెబుతుంది. ఇక్కడొక బటన్ ఉంది, దాని పేరు ప్రింట్, అది ఇప్పుడు పనిచేస్తుంది అని. పేరు, రకం, స్థితి: ప్రతి వస్తువుకూ ఈ మూడూ ఉంటే చాలు. స్క్రీన్ రీడర్ వాటిని అందుకుని పలుకుతుంది. మైక్రోసాఫ్ట్ 1997లో యాక్టివ్ యాక్సెసబిలిటీ పేరుతో ఈ ఏర్పాటు మొదలుపెట్టింది, తర్వాత దాన్ని యూఐ ఆటోమేషన్‌గా పెంచింది. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు ఈ దారిని వాడుకుంటే చూపు లేనివాళ్ళ పని జరుగుతుంది. వాడుకోకపోతే తెర ఎంత అందంగా ఉన్నా మా చెవికి చేరేది ఏమీ ఉండదు.

ఈ దారి తేలిగ్గా పడలేదు. విండోస్‌కు ముందటి డాస్ రోజుల్లో తెర అంటే అక్షరాల వరసలే, వాటిని చదివి వినిపించడం అంత కష్టం కాదు. అమెరికాకు చెందిన మోటార్‌సైకిల్ రేసర్ టెడ్ హెంటర్‌కు 1978లో కారు ప్రమాదంలో చూపు పోయింది. ఆయన ప్రోగ్రామింగ్ నేర్చుకుని, 1987లో భాగస్వామితో కలిసి కంపెనీ పెట్టి, 1989లో డాస్ కోసం జాస్ అనే స్క్రీన్ రీడర్ తెచ్చారు. ఇంతలో బొమ్మల తెర ఉన్న విండోస్ అంతటా వ్యాపించింది. డాస్ మీద ఉద్యోగాలు చేసుకుంటున్న అంధుల కాళ్ళ కింద నేల కదిలిపోయింది. బొమ్మను ఎలా పలకాలో డాస్ స్క్రీన్ రీడర్లకు తెలియదు. 1995లో విండోస్ మీద పనిచేసే జాస్ వచ్చింది గానీ, ధర సామాన్యుడికి అందేది కాదు. చూపున్నవాడు కంప్యూటర్ ఒక్కటి కొనుక్కుంటే సరిపోయేది. చూపు లేనివాడు కంప్యూటర్ కొని, మళ్ళీ పెద్ద ధర పెట్టి దాన్ని మాట్లాడించుకోవాల్సి వచ్చేది.

2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే యువకుడు ఈ అన్యాయం ఇక చాలనుకున్నాడు. స్క్రీన్ రీడర్ తానే రాయడం మొదలుపెట్టాడు. చిన్ననాటి స్నేహితుడు జేమ్స్ టే కలిశాడు. ఇద్దరికీ చూపు లేదు. 2007లో ఎన్‌వీ యాక్సెస్ అనే లాభాపేక్ష లేని సంస్థ పెట్టి ఎన్‌వీడీఏను అందరికీ ఉచితంగా ఇచ్చారు, కోడ్ కూడా తెరిచి పెట్టారు. ఈ గదిలోని ప్రతి కంప్యూటర్లో మీరు వింటున్నది ఆ ఇద్దరు మొదలుపెట్టిన పనే. అది లేకపోతే నల్లగొండ పల్లె నుంచి వచ్చిన ఈ కుర్రాడికి కంప్యూటర్ నేర్పే మాటే ఉండేది కాదు.

రెండో ఫైలు ఎక్సెల్ షీటు, దరఖాస్తుల జాబితా. "క్రమ సంఖ్య, ఏ ఒకటి." రైట్ ఆరో. "దరఖాస్తుదారు పేరు, బి ఒకటి." మొదటి వరస మీద నిలబడి ఇన్సర్ట్, షిఫ్ట్, సి నొక్కమన్నాను. ఆ వరసలోనివి శీర్షికలని స్క్రీన్ రీడర్‌కు చెప్పడం అది. ఇక ఏ గడిలోకి వెళ్ళినా ముందు ఆ నిలువు వరస పేరు, తర్వాత అందులోని విషయం చెబుతుంది. మీరు తలెత్తి పైవరస చూసుకునే పని అది చేసిపెడుతోంది. కూడిక సూత్రం వేశాడు, ఫిల్టర్ పెట్టాడు, మండలాల వారీగా విడదీశాడు. ఎక్కడా ఆగలేదు.

ఆగింది ఇక్కడ.

"అన్నా, ఎర్ర రంగు పెట్టినయి ఇంకా పెండింగున్నయని సార్ చెప్పిండు. ఏవి ఎర్రవో ఎట్ల తెల్వాలె?"

"ఇన్సర్ట్, ఎఫ్ కొట్టి చూడు."

ఒక గడిలో నిలబడి కొట్టాడు. గొంతు ఫాంటు చెప్పింది, సైజు చెప్పింది, చివరికి రంగు చెప్పింది. తెలుసుకోవచ్చు. కానీ వందల వరసల్లో ప్రతి గడి దగ్గరా ఆగి రంగు అడగాలి. మీకు ఒక్క చూపులో తెలిసే విషయానికి అతనికి గంట పడుతుంది. ఇందులో ఎక్సెల్ తప్పేమీ లేదు. పక్కన "స్థితి" అని ఒక నిలువు వరస పెట్టి "పెండింగ్" అని రాస్తే ఇద్దరికీ ఒకే వేగం. రంగు గుర్తు పట్టలేనివాళ్ళకు, నలుపు తెలుపు ప్రింటు తీసుకున్నవాళ్ళకు కూడా అదే మేలు. రంగుతో మాత్రమే చెప్పిన మాట మాకు చెప్పని మాటే.

మూడో ఫైలు సర్క్యులర్, పీడీఎఫ్. తెరిచాడు. నిశ్శబ్దం. డౌన్ ఆరో కొట్టాడు. మళ్ళీ నిశ్శబ్దం.

"అన్నా, ఏం చదువుతలేదు."

"పేజీలు ఎన్ని?"

"మూడంటుంది. లోపల ఖాళీ అంటుంది."

ఖాళీ కాదది. ఏం జరిగిందో చెబుతాను. ఎవరో ఈ సర్క్యులర్‌ను కంప్యూటర్లోనే టైపు చేశారు. అప్పుడది చక్కటి అక్షరాల ఫైలు. తర్వాత ప్రింటు తీశారు, అధికారి సంతకం పెట్టారు, ముద్ర కొట్టారు. ఆ కాగితాన్ని స్కానర్లో పెట్టి పీడీఎఫ్ చేశారు. ఆ ఒక్క మెట్టుతో అక్షరాలన్నీ పోయి కాగితం ఫోటో మిగిలింది. చదవగలిగే ఫైలును చదవలేనిదిగా మార్చడానికి అదనంగా శ్రమపడ్డారన్నమాట.

ఇన్సర్ట్, ఆర్ నొక్కించాను. విండోస్‌లోని అక్షర గుర్తింపు మొదలై ఫోటోలో అక్షరాలు వెతుకుతోంది. ఫలితం వచ్చింది. నంబరు, తేదీ, అక్కడక్కడా ఇంగ్లీషు మాటలు పలికాయి. తెలుగు పేరాలు రాలేదు. కుర్రాడు ఫోన్ తీశాడు. దాన్ని కూడా వేలితో తడుముతూ, మాట వింటూనే వాడతాడు. ఫోన్‌లోని కృత్రిమ మేధ యాప్‌కు ఆ పేజీలు చూపించాడు. ఈసారి తెలుగు పేరాలు వచ్చాయి, సారాంశం కూడా చెప్పింది. ఈ కొత్త సాధనాలు మాకు పెద్ద ఊరట, ఆ మాట మనస్ఫూర్తిగా చెబుతాను. కానీ సర్క్యులర్‌లో గడువు తేదీ ఒక్క అంకె తప్పు చదివితే రేపు సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది యాప్ కాదు, ఈ కుర్రాడు. పైగా కార్యాలయ పత్రాలను బయటి యాప్‌కు పంపడం ఏ గుమాస్తాకూ మంచిది కాదు. డిజిటల్ సంతకం చట్టబద్ధంగా చెల్లుతున్న రోజులివి. కాగితం సంతకమే కావాలంటే స్కాన్ కాపీతో పాటు అసలు వర్డ్ ఫైలును కూడా పంపవచ్చు. అందుకు పైసా ఖర్చు లేదు.

నాలుగో ఫైలు దగ్గర హెడ్‌ఫోన్ కొంచెం గట్టిగా అదిమి పట్టుకోండి. ఇదీ వర్డ్ ఫైలే, తెలుగు కరపత్రం, స్కాన్ కాదు. తెరిచి చదివించాడు. "ఇన్ఫినిటీ. రిజిస్టర్డ్. క్యాపిటల్ హెచ్. ఇన్ఫినిటీ. ట్రేడ్‌మార్క్." గొంతు ఆగకుండా ఇలాగే పోతోంది. ఇప్పుడు మానిటర్ వేసి చూస్తే మీకు చక్కటి తెలుగు కనిపిస్తుంది. ఒత్తులు, గుణింతాలు, కొమ్ములు అన్నీ ముచ్చటగా ఉంటాయి.

డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ నడుస్తున్న పాతకాలపు ఫాంటు ఇది. యూనికోడ్ వాడుకలోకి రాకముందు తెలుగును తెర మీదికి తేవడానికి మనవాళ్ళు కనిపెట్టిన ఉపాయం. కంప్యూటర్‌కు తెలిసిన ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు తెలుగు వేషం కట్టారు. లోపల ఉన్నది ఇన్ఫినిటీ గుర్తే, పైన కొమ్ము వేషం. కంటికి వేషం కనిపిస్తుంది, స్క్రీన్ రీడర్‌కు వేషం తీసేసిన మనిషి దొరుకుతాడు. ఆనాడు ఆ ఉపాయం తెలుగు అచ్చుకు ఎంతో మేలు చేసింది, దాన్ని తక్కువ చేయను. కానీ 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు సొంత చోటు ఉంది. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ దాని సంఖ్య దానికుంది, త అంటే ఎక్కడైనా త. ఆ ఫైలును ఈ గొంతు తప్పులేకుండా చదువుతుంది, గూగుల్ వెతికి పట్టుకుంటుంది, ఏ ఫోన్‌లోనైనా తెరుచుకుంటుంది. పాత ఫాంటులో ఉన్న ఫైలుకు ఇందులో ఏదీ సాధ్యం కాదు. పాత ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కుర్రాడికి ఒకటి నేర్పుతున్నాను. మార్చాక కూడా ఒత్తులు అటూ ఇటూ అవుతాయి. వాటిని సరిచూడాలంటే అసలు ప్రతి చదవగలగాలి. అది చదవలేకనే కదా మార్చింది!

ఈ గదిలో చూపులేని పిల్లలను ఇంగ్లీషు కన్నా తెలుగే ఎక్కువ ఇబ్బంది పెడుతుండడం నాకు తీరని బాధ. భాష ఏ పాపమూ ఎరగదు. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు మనం ఎంచుకున్న పద్ధతి ఇలా చేసింది.

కిటికీ పక్క కుర్చీలోంచి సన్నటి శబ్దాలు వస్తున్నాయి, విన్నారా? ఒక్కోసారి పై శ్రుతి, ఒక్కోసారి కింది శ్రుతి. అక్కడ ఒక అమ్మాయి పైథాన్ ప్రోగ్రాం రాస్తోంది. పైథాన్‌లో వరస ఎంత లోపలికి జరిగి ఉందన్నదాన్ని బట్టే అర్థం మారిపోతుంది. చూపున్నవారికి అది ఖాళీ స్థలం. ఆమెకు ఎన్‌వీడీఏ ఆ ఖాళీని శ్రుతిగా మార్చి ఇస్తోంది, వరస లోపలికి జరిగేకొద్దీ స్వరం మారుతుంది. ఆమె వాడుతున్నది విజువల్ స్టూడియో కోడ్, లక్షలమంది ప్రోగ్రామర్లు వాడే మామూలు ఎడిటర్. దాన్ని తయారుచేసినవాళ్ళు కీబోర్డును, స్క్రీన్ రీడర్‌ను లెక్కలోకి తీసుకున్నారు. తప్పున్న వరసకు ఒక మీట, తర్వాతి తప్పుకు ఇంకో మీట. ఎన్‌వీడీఏ కూడా ప్రధానంగా పైథాన్‌లో రాసిందేనని చెప్పిన రోజున ఆమె ఆ భాషే నేర్చుకుంటానంది.

అందరి కోసం చేసిన సాఫ్ట్‌వేర్ అందరికీ పనికిరావడం సాధ్యమేననడానికి ఇది రుజువు. యాపిల్ 2005లో తన మ్యాక్‌లోనే వాయిస్‌ఓవర్‌ను పెట్టి అమ్మింది, 2009లో ఐఫోన్‌లోనూ పెట్టింది. వేరే కొనక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్, విండోస్‌లో న్యారేటర్ అలాగే ఉన్నాయి. పెద్ద కంపెనీలు పునాది వేశాయి. దాని మీద లేచే ఇళ్ళకు తలుపులు పెట్టాల్సినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు.

ఇక చివరి పని. ఉద్యోగంలో చేరేవాళ్ళు వివరాలు నింపాల్సిన వెబ్‌సైట్ తెరిచాడు. పేజీ వచ్చింది. హెచ్ కొట్టాడు, శీర్షికలు లేవంది. బి కొట్టాడు. "బటన్." మళ్ళీ కొట్టాడు. "బటన్." మూడోసారీ అంతే. ఒకటి భద్రపరిచే బటన్ కావచ్చు, ఒకటి అంతా చెరిపేసేది కావచ్చు. ఏది ఏదో ఎలా తెలుస్తుంది? ఇ కొట్టి గళ్ళలోకి వెళ్ళాడు. "ఎడిట్. బ్లాంక్." తర్వాతిదీ "ఎడిట్. బ్లాంక్." తెర మీద ఆ గడి పక్కన "తండ్రి పేరు" అని రాసే ఉంటుంది. కానీ ఆ రాత ఈ గడిదేనని కోడ్‌లో చెప్పలేదు. అందుకు పట్టేది ఒక్క లేబుల్, ఒక్క పంక్తి. పుట్టినతేదీ గడిలో టైపు చేయనివ్వదు, క్యాలెండర్ బొమ్మ మీద మౌసుతోనే ఎంచుకోవాలట. అటూ ఇటూ తడిమి, ఊహించి, ఎలాగో నింపాడు. పంపే బటన్ అనుకున్నది నొక్కాడు. ఏమీ కాలేదు. ఎక్కడో ఎర్ర అక్షరాల్లో తప్పు చూపించిందేమో, గొంతుకు మాత్రం కబురు అందలేదు.

చివర్లో ఒక గ్రాఫిక్ ఉందని చెప్పింది. క్యాప్చా. నేను మనిషినే, యంత్రాన్ని కాదని నిరూపించుకోవడానికి వంకర అక్షరాలు చూసి రాయాలి. వినిపించే క్యాప్చా లేదు. ఇప్పుడు మీ సాయం కావాలి. మానిటర్ వేయండి. అందమైన రంగులు, చక్కటి లోగో ఉన్నాయంటున్నారు మీరు. ఆ వంకర అక్షరాలు చదవండి. మీరు చదువుతుంటే కుర్రాడు టైపు చేశాడు, ఎంటర్ కొట్టాడు. సమయం మించిపోయింది, మళ్ళీ మొదటినుంచి రమ్మంది.

"గీ ఒక్కటి చేయనీకి మనిషి కావాల్నా అన్నా?" అన్నాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

కావాలి. అదే అసలు నష్టం. ఇవాళ మీరు పక్కనున్నారు. రేపు బ్యాంకు పనిలో, వైద్య పరీక్ష ఫలితంలో, జీతం వివరాల్లో ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఇతని సంగతులన్నీ చదవాలి. చూపులేని మనిషి రహస్యాలు పక్కవాడి మంచితనం మీద ఆధారపడి ఉండాలి. కంప్యూటర్ మమ్మల్ని ఈ పరాధీనత నుంచి బయట పడేసింది. పేరులేని ఒక బటన్ మళ్ళీ అక్కడికే తీసుకొస్తోంది.

ఇది ఒక్క వెబ్‌సైట్ సంగతి కాదు. అమెరికాలోని వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల వెబ్‌సైట్ల మొదటి పేజీలను యంత్రంతో పరీక్షిస్తుంది. 2025లో 94.8 శాతం పేజీల్లో లోపాలు దొరికాయి. దొరికిన లోపాల్లో నూటికి 96 ఆరే రకాలవి: వెలిసినట్టుండే అక్షరాలు, వివరణ లేని బొమ్మలు, పేరులేని ఫారం గళ్ళు, ఖాళీ లింకులు, ఖాళీ బటన్లు, పేజీ ఏ భాషలో ఉందో చెప్పకపోవడం. ఆ చివరిది తెలుగు పేజీల్లో మాకు బాగా తెలుసు. భాష చెప్పకపోతే తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు గొంతు ఎత్తుకునే ప్రమాదం ఉంది. ఈ ఆరింటిలో దేనికీ పరిశోధన అక్కర్లేదు. వెబ్ పేజీలు అందరికీ అందేలా ఎలా రాయాలో చెప్పే మార్గదర్శకాలు 1999లోనే వచ్చాయి.

పని చేస్తున్న సాఫ్ట్‌వేర్ కూడా రాత్రికి రాత్రి చేజారిపోవచ్చు. నేను ఉద్యోగం చేసిన ఒక చోట బిల్లుల సాఫ్ట్‌వేర్‌ను కీబోర్డుతో హాయిగా వాడుకునేవాణ్ణి. కొత్త వెర్షన్ పెట్టారు. తెర సొగసుగా మారిందని అందరూ మెచ్చుకున్నారు. కొత్త బటన్లన్నీ బొమ్మలుగా గీశారు, పేర్లు పెట్టలేదు. స్క్రీన్ రీడర్ ఎక్కడికి వెళ్ళినా ఒకే మాట, "పేన్, పేన్". నా పని ఇంకొకరికి అప్పగించి, నన్ను టెలిఫోన్ దగ్గర కూర్చోబెట్టారు. ఇంకొకరికి ఇచ్చిన ఆ బిల్లుల పని ముందు రోజు వరకూ నేను చేసిందే. చూపు లేదని ఆ ఉద్యోగం నాకివ్వకపోతే చట్టాన్ని అడగొచ్చు. సాఫ్ట్‌వేర్ మార్చి పనిని లాగేసుకుంటే ఎవరినీ అడగలేకపోయాను.

ఇప్పుడు అడగొచ్చు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు 4 శాతం కేటాయించింది, అందులో 1 శాతం అంధులకు, చూపు మందగించినవారికి. కుర్రాడికి ఉద్యోగం వచ్చింది ఆ కోటాలోనే. ఆ చట్టమే సమాచార సాంకేతికత మాకు అందేలా ఉండాలనీ చెప్పింది. కానీ దాని కింద చేసిన నిబంధనలు పాటిస్తే మంచిది అన్న తీరులో మిగిలిపోయాయి. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు అలాంటి నిబంధన చట్టానికే విరుద్ధమని కొట్టివేసింది, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పు వచ్చింది. బ్యాంకు ఖాతాకు, సిమ్ కార్డుకు కెమెరా ముందు కళ్ళార్పి చూపించమనే కేవైసీ పద్ధతి మీద యాసిడ్ దాడి బాధితురాలు ప్రజ్ఞా ప్రసూన్, చూపులేని న్యాయవాది అమర్ జైన్ వేసిన కేసుల్లో వచ్చిన తీర్పు అది. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని కోర్టు తేల్చింది, 20 ఆదేశాలు జారీ చేసింది. సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలో చెప్పే భారతీయ ప్రమాణం కూడా ఉంది, ఐఎస్ 17802.

2011 జనగణన ప్రకారం చూపు వైకల్యం ఉన్నవాళ్ళు దేశంలో 50 లక్షలకు పైనే. వాళ్ళలో స్క్రీన్ రీడర్‌తో కంప్యూటర్ వాడేవాళ్ళు మీరు ఈ సాయంత్రం విన్నదాన్ని రోజూ వింటున్నారు.

అందుకే మీతో కొన్ని మాటలు. మీరు హైటెక్ సిటీలోనో, విశాఖలోనో, అమెరికాలోనో సాఫ్ట్‌వేర్ రాసేవారైతే, మీ పేజీని విడుదల చేసేముందు మౌసును పక్కన పెట్టి ట్యాబ్ కీతో ఆ చివరి వరకు వెళ్ళండి. ఎన్‌వీడీఏ ఉచితమే, దించుకుని, మానిటర్ ఆపి, మీ పేజీని మీరే వినండి. ఉద్యోగాల్లో ఉన్న అంధులతో పరీక్ష చేయించండి, ఆ పనికి జీతం ఇవ్వండి. మీరు కార్యాలయంలో ఉంటే స్కాన్ కాపీతో పాటు అసలు ఫైలు పంపండి, రంగుతో చెప్పేదాన్ని మాటతో కూడా చెప్పండి. డీటీపీ చేసేవారైతే, పత్రిక నడిపేవారైతే తెలుగును యూనికోడ్‌లో టైపు చేయండి. టెండర్ పిలిచే అధికారి అయితే, చూపులేనివారు వాడలేని సాఫ్ట్‌వేర్‌కు బిల్లు చెల్లించబోమని ఒక షరతు రాయండి. మిగతా అందరికన్నా మీ ఒక్క షరతే ఎక్కువ పని చేస్తుంది.

చట్టం ఉంది, ప్రమాణం ఉంది, పరీక్షించుకునే సాధనం ఉచితంగా ఉంది. చూపులేనివారు తమవంతు నేర్చుకోవాల్సింది నేర్చుకున్నారు. ఇక బాకీ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళది, కొనేవాళ్ళది. ఆ బాకీ తీర్చండి.